ఇంటి శుభ్రతకు ఇంటిలోని సరకులు



సంక్రాంతి వచ్చుచున్నదనినను, ఇంట శుభకార్యము తలపెట్టినను, మన ఇండ్లలో ముందుగా మొదలగునది పిండివంట కాదు. బూజు దులుపుట, నేల కడుగుట, పాత్రలు తోముట. ఈ పనులకై నేడు అంగడిలో దొరకు సీసాలకును డబ్బాలకును లెక్క లేదు. నేలకు ఒకటి, గాజునకు ఒకటి, వెండికి ఒకటి, స్నానపుగదికి ఇంకొకటి. నెల సరకుల పట్టికలో వీని ఖర్చు మెల్లమెల్లగా పప్పుబియ్యముల సరసకు చేరినది. ఈ సీసాలు చేయు పనిలో చాల భాగమును వంటింటిలో ఇదివరకే ఉన్న చింతపండు, ఉప్పు, నిమ్మకాయ, వంటసోడా, కుంకుడుకాయలు చేయగలవు.

అయితే పాతదంతయు మంచిదే, ప్రకృతిసిద్ధమైనదంతయు నిరపాయమే అను మాటను మేము అంగీకరింపజాలము. చింతపండు రాగిచెంబునకు మెరుగు పెట్టును. అదే చింతపండు నాపరాతి నేలను పాడుచేయును. కావున ఏ వస్తువు ఎక్కడ పనిచేయును, ఎందుచేత పనిచేయును, ఎక్కడ చెరుపు చేయును అను విషయములను ఈ ప్రసంగములో వరుసగా చెప్పదలచినాము.

మొదట మురికిని గురించి రెండు మాటలు. మురికి అంతయు ఒక్క జాతి కాదు. నూనె, నేయి, చెమట వలన పట్టునది జిడ్డు. రాగి, ఇత్తడి పాత్రలపై గాలి వలనను తేమ వలనను ఏర్పడునది చిలుము. ఉప్పునీరు మరగిన గిన్నెలోను, కుళాయి అంచుమీదను తెల్లగా పేరునది గార. గాలితో వచ్చి వ్రాలునది దుమ్ము. వీనికి తోడు కంటికి కనబడని సూక్ష్మజీవులు కలవు. జిడ్డునకు క్షారము గాని నురుగు గాని కావలెను. చిలుమునకును గారకును పులుపు, అనగా ఆమ్లము, కావలెను. దుమ్మునకు తడిగుడ్డ చాలును. సూక్ష్మజీవులకు మరగిన నీరు, ఎండ, సున్నము వంటివి కావలెను. ఒకే తాళపుచెవితో అన్ని తాళములను తీయబూనుట వలననే మన శ్రమయు, ధనమును వృథా యగుచున్నవి.

జిడ్డుతో ప్రారంభింతము. మన పెద్దలు అంట్లు తోముటకు కట్టెల బూడిదను, కొబ్బరిపీచును వాడిరి. బూడిదలో పొటాషియం కార్బొనేటు అను క్షారము కలదు. అది నూనెతో కలసి కొంత సబ్బుగా మారును. ఆ సబ్బే మిగిలిన జిడ్డును విడదీయును. పూర్వము ఐరోపాలో బూడిదను కుండలలో నీటితో నానబెట్టి, ఆ నీటిని ఇగిర్చి ఈ క్షారమును తీసెడివారు. కుండ, బూడిద అను రెండు ఆంగ్లపదములు కలసి దానికి పొటాష్ అను పేరు వచ్చినది. 1807లో హంఫ్రీ డేవీ అను శాస్త్రజ్ఞుడు దానినుండి కొత్త లోహమును వేరుచేసి, ఆ పేరును బట్టియే పొటాషియం అని నామకరణము చేసెను. మన అరుగుమీద అంట్లు తోమిన బూడిదయు ఆ జాతిదే.

ఇప్పుడు బూడిద దొరకు వంటిండ్లు తగ్గినవి. ఆంధ్రప్రదేశ్‌లో 1999లో వచ్చిన దీపం పథకము, 2016లో దేశమంతట ఆరంభమైన ఉజ్జ్వల పథకము వంటివానివలన అనేక గృహములకు గ్యాసుపొయ్యి చేరినది. పొగ తగ్గిన వంటింటిని చూచి బూడిదకై విచారింపనక్కరలేదు. బూడిద దొరకువారు మాత్రము కట్టెల బూడిదనే జల్లించి వాడవలెను. బొగ్గుల బూడిద, రంగు వేసిన చెక్కల బూడిద, ప్లాస్టిక్ కలిసిన చెత్త కాల్చిన బూడిద పాత్రలకు తగవు. ఊక బూడిదలో అధికభాగము సిలికా, అనగా ఇసుక జాతి పదార్థము. అది మాడిన ఇనుప మూకుడునకు మంచిదే గాని స్టెయిన్‌లెస్ స్టీలు పళ్ళెమును గీతలపాలు చేయును. ఇటుకపొడి సంగతియు అంతే.

బూడిద లేనివారికి సోడా కలదు. సోడాలు రెండు. బట్టలసోడా గట్టి క్షారము. వంటసోడా మెత్తని క్షారము. పొయ్యిగట్టుమీది జిడ్డునకు వేడినీటిలో ఒక చెంచా బట్టలసోడా కరగించి, గుడ్డతో అద్ది, పది నిమిషములు ఆగి తుడిచినచో జిడ్డు సులువుగా వచ్చును. చేతికి తొడుగు ఉండవలెను. ఏలయన చేతి చర్మముమీది సహజమైన నూనెను సైతము సోడా లాగివేయును. వంటసోడాను కొద్ది నీటితో ముద్దచేసి టీకప్పుల మరకలకును, ఫ్రిజ్ అరలకును వాడవచ్చును. అల్యూమినియం గిన్నెలకు మాత్రము ఈ రెండు సోడాలను, బూడిదను తగులనీయరాదు. క్షారము ఆ లోహపు పైపొరను తినివేసి గిన్నెను నల్లబరచును. అట్లు నల్లబడిన గిన్నెలో నీరు పోసి, పిండిన నిమ్మడొప్పలు గాని కొద్ది చింతపండు గాని వేసి కాచినచో నలుపు చాలవరకు విడిచిపోవును.

తరువాత కుంకుడుకాయ. మన గ్రామముల చెట్టుమీద కాయు ఈ కాయ ఏ జాతికి చెందినదో, ఆ జాతికి లినేయస్ అను వృక్షశాస్త్రజ్ఞుడు 1753లో సాపిండస్ అను పేరును గ్రంథస్థము చేసెను. ఆ పేరునకు ఇండియన్ సబ్బు అని అర్థము. కాయ పైతొక్కలో సాపోనిన్లు అను పదార్థములు కలవు. అవి నీటిలో నురుగు కట్టి జిడ్డును వదలించును. ఉప్పునీటి బావులు, గొట్టపుబావులు ఉన్న మన ప్రాంతములలో సబ్బు విరిగి తెట్టు కట్టుట అందరెరిగినదే. ఆ నీటిలోని సున్నపు లవణములతో సబ్బు కలసి కరగని పదార్థముగా మారుటయే దానికి కారణము. కుంకుడురసమునకు ఆ బాధ లేదు. మరియు సబ్బులోని క్షారము పట్టునకును ఉన్నికిని పడదు. ధర్మవరపు చీరను గాని, పోచంపల్లి పట్టును గాని ఇంట ఉతుకదలచినవారికి కుంకుడురసమే మేలు. అయినను ముందు చీర మూలను తడిపి, రంగు దిగకున్నదని నిశ్చయించుకొనవలెను.

చేయు విధానము సులభము. 10 లేక 12 కాయలను చితుకగొట్టి, నల్లని గింజలను తీసివేసి, ఒక లీటరు వేడినీటిలో రాత్రి నానవేయవలెను. ఉదయము చేతితో పిసికి గుడ్డతో వడకట్టవలెను. ఈ రసమును బంగారు నగలకును, వెండిసామానునకును, నేల తుడుచుటకును వాడవచ్చును. రెండు మూడు దినములకు మించి నిలువదు. పులిసి వాసన వచ్చును. కనుక ఎప్పటికప్పుడు చేసికొనుట మంచిది. కంటిలో పడిన ఎంత మండునో చిన్ననాటి తలంటు గుర్తున్నవారికి చెప్పనక్కరలేదు. చేపలున్న చెరువులో గాని తొట్టిలో గాని ఈ నీటిని పోయరాదు. సాపోనిన్లు చేపలకు విషము.

ఇక పులుపు. చింతపండులో టార్టారికామ్లము, నిమ్మకాయలో సిట్రికామ్లము కలవు. రాగిచెంబుమీది నల్లని, పచ్చని పొరలను ఈ ఆమ్లములు కరగించును. ఉప్పు చేర్చిన ఆ పని త్వరగా జరుగును. పారవేయు చింతపిప్పికి కల్లుప్పు కలిపి రుద్దిన చాలును, కొత్త చింతపండు అక్కరలేదు. కాని తోమిన పిమ్మట పులుపు మిగులకుండ కడిగి, పొడిగుడ్డతో వెంటనే తుడువవలెను. తడిగా బోర్లించిన చెంబు మరునాటికే మసకబారును. తోముటలో లోపమున్నదని అనుకొందుము గాని లోపము తుడుచుటలో ఉన్నది.

ఇక్కడ ఒక హెచ్చరిక. రాగిని కరగించు గుణము చింతపండునకున్నదని కంటితో చూచిన మనము, కళాయి లేని ఇత్తడిగిన్నెలో పులుసు కాచుట ఎంత తప్పో సులభముగా గ్రహింపవచ్చును. గిన్నెలోని రాగి పులుసులోనికి దిగి వాంతులు కలిగించును. కావుననే పూర్వము ఏటేట కళాయివాడు వచ్చి పాత్రల లోపల తగరపు పూత వేసెడివాడు. నేడు రాగిసీసాలలో నీరు త్రాగు అలవాటు మరల వ్యాపించినది. అందులో మంచినీరు తప్ప మజ్జిగను గాని నిమ్మరసమును గాని నిలువ చేయరాదు.

గారకు సైతము పులుపే మందు. కుళాయి చుట్టును పేరిన తెల్లని గార చాలవరకు కాల్షియం కార్బొనేటు. నిమ్మడొప్పను అరగంట కుళాయికి కట్టి ఉంచి పిదప రుద్దిన, అది మెత్తబడి రాలును. నీరు కాచు గిన్నెలో నీటితోపాటు ఒక నిమ్మకాయ రసము పోసి కాచిన, లోపలి గార విడిచిపోవును. తెల్లబట్టమీది తుప్పుమరకకు నిమ్మరసము, ఉప్పు రాసి ఎండలో ఉంచిన మరక పలచబడును.

ఆమ్లము గారను కరగించుచున్నదనగా, గార వంటి రాతిని కూడ కరగించును గదా! తాండూరు రాయి, బేతంచెర్ల రాయి, కడప బండ, ఇవన్నియు సున్నపురాతి జాతివి. చలువరాయియు అట్టిదే. పాత ఇండ్లలోని గచ్చు సున్నముతో చేసినదే. ఇట్టి నేలలను నిమ్మరసముతో గాని, వెనిగర్‌తో గాని తుడిచినచో రాతి పైపొర కొంచెము కొంచెముగా కరగి నునుపు పోవును. తరువాత ఆ గరుకులో మురికి మరింత పట్టును. నేలలపై వెనిగర్ పోయుడని చెప్పు సలహాలు ఇతరదేశముల ఇండ్లనుండి మనకు వచ్చినవి. మన నాపరాతి నేలకు గోరువెచ్చని నీరు, కొద్ది కుంకుడురసము, శుభ్రమైన గుడ్డ చాలును. ఎక్కడి రాయి ఎట్టిదో తెలియకున్న, గది మూలలో ఒక చుక్క నిమ్మరసము వేసి చూడుడు. నురుగుబుడగలు లేచినచో అది సున్నపురాయి. వెంటనే ఆ చుక్కను నీటితో కడిగివేయుడు.

సోడాను, వెనిగర్‌ను కలిపి పోసిన బుసబుస పొంగును. ఆ పొంగును చూచి మురికి పారిపోవుచున్నదని భ్రమపడుట కలదు. వాస్తవమునకు ఆమ్లము, క్షారము ఒకదానినొకటి చంపుకొనుచున్నవి. పొంగునది బొగ్గుపులుసు వాయువు. మిగులునది ఒక విధమైన ఉప్పునీరు. ఆ పొంగు మూసుకొన్న మోరీలోని చెత్తను కొంత కదలించవచ్చును గాని, వేరువేరుగా వాడిన రెండును చేయు పని కలిపిన మిశ్రమము చేయదు. ముందు సోడాతో జిడ్డు తీసి, కడిగి, పిదప పులుపుతో గార తీయుటయే సరియైన క్రమము.

వెండి సంగతి వేరు. దాని నలుపు గంధకము వలన కలుగును. పులుపునకు సులువుగా లొంగదు. అల్యూమినియం గిన్నెలో వేడినీరు పోసి, ఒక చెంచా వంటసోడా వేసి, వెండివస్తువు గిన్నెకు తగులునట్లు ఉంచినచో, కొలది నిమిషములలో నలుపు పోవును. గంధకము వెండిని విడిచి అల్యూమినియమును ఆశ్రయించును. వెండి అరుగదు. ఇందుకు వంటకు పనికిరాని పాతగిన్నెను ఉపయోగింపవలెను. రాళ్ళు పొదిగిన నగలను, నల్లదనమే అందమైన నగిషీ వస్తువులను ఇట్లు చేయరాదు.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన మాటకు వచ్చుచున్నాము. బ్లీచింగ్ పౌడరును ఏ పులుపుతోను కలుపరాదు. మరుగుదొడ్డి కడుగు యాసిడ్‌తోనే కాదు, వెనిగర్‌తోను, నిమ్మరసముతోను, చింతపండుతోను గూడ కలుపరాదు. కలిపినచో క్లోరిన్ వాయువు వెలువడును. 1915 ఏప్రిల్ 22న బెల్జియములోని ఈప్ర్ అను చోట సైనికులపై వదలిన విషవాయువు ఇదే. తలుపు మూసిన చిన్న స్నానపుగదిలో, రెండు సీసాలు కలిపిన రెట్టింపు శుభ్రత కలుగునను ఆశతో, అదే వాయువును మనమే పుట్టించుకొనుట జరుగుచున్నది. అమ్మోనియా ఉన్న ద్రవములతోను బ్లీచింగ్ పౌడరును కలుపరాదు. అందునుండి వేరొక విషవాయువు పుట్టును.

ఇట్లు చెప్పితిమని బ్లీచింగ్ పౌడరును నిందింపరాదు. 1799లో చార్లెస్ టెనెంట్ దానిని బట్టలు తెల్లబరచుటకై కనిపెట్టెను. 1847లో వియన్నా ప్రసూతిశాలలో సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు క్లోరిన్ కలిపిన సున్నపునీటితో వైద్యులచేత చేతులు కడిగించి, బాలింతల మరణములను ఎంతయో తగ్గించెను. అది చవుకయైన మేలి వస్తువు. ఒంటరిగా, నీటితో మాత్రమే వాడదగినది. ఒకవేళ పొరపాటున ఘాటైన వాయువు లేచినచో ఆ పాత్రను ముట్టక, వెంటనే బయటి గాలిలోనికి రావలెను. తలుపులు తెరచి ఉంచవలెను. గాలి తేరుకొను వరకు లోనికి పోరాదు. దగ్గు, ఆయాసము తగ్గకున్న ఆసుపత్రికి పోవలెను. యాసిడ్‌ను, ఫినాయిల్‌ను పానీయముల సీసాలలో పోసి ఉంచుట మరియొక ఘోరము. బిడ్డ ఎరుగక త్రాగినచో వాంతి చేయింపక తక్షణము ఆసుపత్రికి కొనిపోవలెను.

పల్లెలలో సున్నము, పేడ ఇప్పటికిని వాడుకలో ఉన్నవి. గోడకు వేసిన సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి మరల రాయిగా గట్టిపడును. తడిగా ఉన్నంతవరకు గట్టి క్షారము గనుక క్రిములను చంపును. కాని కంటిలో పడినచో చూపునకే ముప్పు. అట్లు జరిగిన, ఆలస్యము చేయక ధారాళముగా నీటితో కడుగుచు వైద్యునికడకు తీసికొనిపోవలెను. పేడతో అలికిన మట్టినేలలో పేడలోని నారలు మట్టిని పట్టియుంచి దుమ్ము లేవనీయవు. దాని ఉపయోగము అంతవరకే. అది క్రిములను చంపునని నమ్మరాదు. పేడలో ధనుర్వాతము కలిగించు బీజములు ఉండవచ్చును. పసిబిడ్డ బొడ్డుకు పేడను గాని బూడిదను గాని రాయు పాత అలవాటు ఎన్ని ప్రాణములను బలిగొన్నదో చెప్పజాలము. తల్లులకు టీకాలు వేయుటవలనను, శుభ్రమైన పురుళ్ళవలనను తల్లీబిడ్డల ధనుర్వాతము మన దేశములో ప్రజారోగ్య సమస్యగా తొలగినదని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ధారించినది. ఆ విజయమును నిలుపుకొనుట మన చేతిలో ఉన్నది. ఇంట పేడ పని చేసినవారు సబ్బుతో చేతులు కడిగికొని గాని వంటకును, బిడ్డకును దగ్గరకు పోరాదు.

నీటితొట్టి విషయము చాలమంది మరచెదరు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. నేడు మనలను బాధించు డెంగీ జ్వరమును మోయునది వేరొక జాతి దోమ. అది మురికికాలువలోకంటె మనము దాచుకొన్న మంచినీటిలోనే పెరుగును. దాని గ్రుడ్లు తొట్టి లోపలి గోడకు, నీటి అంచునకు పైగా అంటుకొని ఉండును. ఎండిపోయినను నెలల తరబడి చావవు. కావున నీరు పారబోసిన మాత్రమున చాలదు. వారమునకు ఒకసారి తొట్టిని, కుండలను, పూలకుండీల క్రింది పళ్ళెములను కొబ్బరిపీచుతో గోడలు రుద్ది కడిగి ఆరబెట్టవలెను. గ్రుడ్డు దోమగా మారుటకు సుమారు వారము, పది దినములు పట్టును గనుక ఈ వారపు నియమము. దీనికి పైసా ఖర్చు లేదు. ఒక్క పీచు, ఒక్క గంట శ్రమ.

పీచు మాట వచ్చినది గనుక చెప్పుచున్నాము. ముదిరి ఎండిన బీరకాయ పీచు స్టీలు, గాజు పాత్రలకు గీత పెట్టదు. కాని ఏ పీచైనను, ఏ తుడుపుగుడ్డయైనను తడిగా మూల పడియుండిన సూక్ష్మజీవులకు నిలయమగును. ఆ గుడ్డతో తుడిచిన పళ్ళెము శుభ్రమైనదని మనము భ్రమింతుము. ప్రతిదినము గుడ్డను ఉతికి ఎండవేయవలెను. వారమునకు ఒకసారి మరగు నీటిలో వేయవలెను. బీరువాలో బట్టల మధ్య ఎండు వేపాకులుంచుట మంచిది. కలరా ఉండలనబడు నాఫ్తలీన్ ఉండలలో ఉంచిన బట్టలను మాత్రము పసిపిల్లలకు తొడుగరాదు. పుట్టుకతో ఒక విధమైన రక్తలోపము గల శిశువులకు ఆ ఆవిరి ప్రమాదకరము.

తుదకు ఒక్క మాట. ఇంటిని శుభ్రపరచు చేతులు చాల ఇండ్లలో ఇల్లాలివి, లేదా పనిమనిషివి. యాసిడ్ ఘాటును పీల్చునదియు, సోడాతో వ్రేళ్ళు పగులునదియు ఆమెకే. చేతితొడుగు కొనిపెట్టుట, కిటికీ తెరచి ఉంచుట, ఏ సీసాలో ఏమున్నదో ఆమెకు తెలుగులో చదివి చెప్పుట, ఇవి ఇంటి యజమాని విధులు. బరువైన తొట్టిని వంచి రుద్దుట ఇంటిలోని మగపిల్లలు చేయదగిన పని.

జిడ్డునకు సోడా, నురుగునకు కుంకుడు, చిలుమునకును గారకును పులుపు, తడిగుడ్డకు ఎండ. రాతినేలకు పులుపు తగులరాదు. అల్యూమినియమునకు సోడా తగులరాదు. బ్లీచింగ్ పౌడరు దేనితోను కలియరాదు. ఈ నాలుగైదు వాక్యములను ఒక కాగితముపై వ్రాసి వంటింటి అలమర తలుపునకు లోపల అంటించుకొనిన, ఈ ప్రసంగము విన్నందుకు ఫలము కలిగినట్లే.